పోత మూత కింద చప్పుడు

12 ఫిబ్రవరి 2001, సోమవారం. పొదిలి.

మధ్యాహ్నం అన్నానికి ఇంట్లోకి పోతే వెంకటేశ్వరమ్మ లేదు. వంటింట్లో గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. స్టవ్వు తుడిచి ఉంది. పాలగిన్నె కూడా బోర్లించే ఉంది. మెతుకు వండలేదు.

పెరట్లో చూశాను, బావి దగ్గర చూశాను. పక్కింటివాళ్లని అడగబోయి ఊరుకున్నాను. పెళ్లాం ఎక్కడికి పోయిందో తెలియనివాడు అనిపించుకోవడం దేనికి? సాయంత్రానికి గానీ గమనించలేదు, దండెం మీద ఆవిడ మంచి చీరలు రెండూ లేవు, నల్ల సంచీ లేదు. పోతే తాడేపల్లే పోయి ఉంటుంది, వాళ్ల అక్క సామ్రాజ్యం ఇంటికి. మాకు పిల్లా పీచూ లేరు, ఇంకెక్కడికి పోతుంది.

షెడ్డు ఇంటి ముందే. పొద్దుటి నుంచీ నేను అక్కడే ఉన్నాను, మాబు సాహెబ్ టాక్సీ ఇంజను స్టార్టు చేసి బానెట్టు కింద తల పెట్టుకుని. నా వెనక నుంచే నడిచి పోయి ఉండాలి. పోతున్నానని ఒక్క మాట చెప్పలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మనిషి చెప్పకుండా గడప దాటడం ఇదే మొదలు.

ఈ డైరీ స్పేరు పార్టుల కంపెనీ వాళ్లు ఏటా ఇచ్చేది. బండి నంబర్లు తప్ప ఇంకేమీ రాయను. ఇవాళ ఇది రాశాను. ఇంకెవరికి చెప్పను?

13 ఫిబ్రవరి

ఆలోచిస్తే ఇది నిన్నటి కోపం కాదు. రెండేళ్ల కిందటిది.

సామ్రాజ్యం కూతురి పెళ్లికి పోయాం. పందిట్లో నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కడు సరిగ్గా పలకరించలేదు. వచ్చినవాడు నవ్వుతాడు, ఏదో గొణుగుతాడు, నా మొహంలోకి చూస్తాడు, పోతాడు. మెకానిక్కువాడంటే అంత చులకన. బంతిలో కూర్చున్నవాణ్ని విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఇక ఆ గుమ్మం తొక్కనన్నాను, తొక్కలేదు.

అప్పటి నుంచే ఈవిడా మారింది. ఒకప్పుడు వెంకటేశ్వరమ్మ నోటికి గడియ లేదు. కూరలో ఉప్పు దగ్గర నుంచి ఊళ్లో ఎన్నికల దాకా నా వెనకే తిరుగుతూ చెప్పేది. కాసేపు ఆపవే తల్లీ అని నేనే బతిమాలేవాణ్ని. ఇప్పుడు పెదాలు కదుపుతుంది, అంతే. మనసులో ఉన్నది గట్టిగా చెప్పదు. ఏమన్నా నేను ఊఁ అంటాను. ఊఁ అంటే గొడవ ఉండదు. ఈ మధ్య అందరితోనూ అదే పద్ధతి పెట్టుకున్నాను, హాయిగా ఉంది.

14 ఫిబ్రవరి

నా తెల్ల చొక్కా కనపడటం లేదు. కొత్త తువ్వాలూ లేదు. చాకలికి వేసిందా? పోతూ పోతూ మొగుడి చొక్కా దాచిపెట్టి పోవడం, ఇదేం కోపం?

15 ఫిబ్రవరి

కుక్కరు కూత వేయడం మానేసింది. స్టవ్వు మీద పెట్టి ముందు గదిలో కూర్చున్నాను. మాడు వాసన వస్తే గానీ తెలియలేదు. గాస్కెట్టు పోయిందనుకుని కొత్తది తెచ్చి వేశాను. మళ్లీ అంతే. అన్నం అడుగంటింది, పైది మాత్రం తిన్నాను.

ఫోనూ అంతే. ఆవిడ పోయినప్పటి నుంచి ఒక్కసారి మోగలేదు. ఎత్తి చూస్తే ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సన్నగా కూత. లైన్‌మన్ కనపడితే చెప్పాను. వాడు వచ్చి చూసి, చెయ్యి ఊపి, ఏదో అని పోయాడు. ఊఁ అన్నాను. గవర్నమెంటు పని అలాగే ఏడుస్తుంది.

అయినా మోగితే మాత్రం ఏం చేస్తాను? ఆవిడే చెయ్యాలి. నేను చెయ్యను.

కొత్త పండుమిరప పచ్చడి జాడీ నిండా ఉంది. పోయిన నెల పట్టింది. రెండు పూటలా అదే. కళ్లు మండి నీళ్లు వస్తున్నాయి, కారం ఎక్కువ వేసింది.

16 ఫిబ్రవరి

ఇవాళ మంచి పని జరిగింది.

మాబు సాహెబ్ టాక్సీది పాత మోడలు ఇంజను. దాని టాపెట్లు, వాల్వుల మీద కొట్టుకునే ముక్కలు, మొదటి నుంచీ వాగుడుకాయలు. పైన మూత రేకుది, పల్చటిది, లోపల టిక్కుమంటే అది కంచంలా మోగుతుంది. శివరాత్రికి కోటప్పకొండ ట్రిప్పులు ఒప్పుకున్నాడు. ఎక్కినవాళ్లు చప్పుడు విని దిగిపోతున్నారని గోల. టాపెట్లు సర్దాను, మళ్లీ సర్దాను. నా మటుకు బాగానే ఉంది, ఆయనకు మాత్రం వినపడుతోందట.

ఎదురుగా జాన్ బాషా పాత సామాన్ల కొట్లో అదే ఇంజను తర్వాత మోడలు తుక్కు కింద పడి ఉంది. దాని మూత పోత అల్యూమినియంది. ఎత్తితే పీటంత బరువు. దాన్ని దీని మీద పెడితే అని ఆలోచన తట్టింది. కంపెనీవాడు ఇంజను పేరు మార్చాడు గానీ దిమ్మ మార్చలేదు, బోల్టులు దూరే చోటు అదే. జాన్ బాషా మూత ఇస్తూ దాని లోపల వేలు పెట్టి చూపించి ఏదో అన్నాడు. వాడి గొంతు పిల్లి గొంతు. ఊఁ అన్నాను.

కిరసనాయిలుతో కడిగి, లోపలా బయటా గుడ్డ పెట్టి రుద్ది తళతళలాడించాను. కార్కు షీటు తెచ్చి ప్యాకింగు కోశాను. పాత మూతకు పక్కన ఊపిరి గొట్టం ఉంటుంది, ఇంజను లోపలి పొగ దాంట్లోంచి పోవాలి. కొత్తదానికి లేదు, ఆ మోడలుకు గొట్టం ఇంకో చోట ఇచ్చాడు. అలాగే బిగించి ఉంటే లోపలి గాలి ఎటూ పోలేక సీళ్లన్నీ తన్నుకుని ఆయిలు కక్కేది. తెలియనివాడు ఆ తప్పే చేస్తాడు. నేను బెజ్జం వేసి, మర తిప్పి, ఇత్తడి గొట్టం బిగించాను. బోల్టు పొట్టి అయితే కింద వాషరు తీసేశాను. సరిపోయింది.

స్టార్టు చేశాను. చప్పుడు లేదు. బానెట్టు మీద చెయ్యి పెడితే గానీ ఇంజను తిరుగుతున్నట్టు తెలియలేదు. ముప్పై ఏళ్లలో ఇంత మెత్తగా నడిచిన ఇంజను నా షెడ్డులో లేదు.

చేతులు కూడా కడుక్కోకుండా చెబుదామని ఇంట్లోకి పరిగెత్తాను. గుమ్మం దాటాక గుర్తొచ్చింది.

18 ఫిబ్రవరి

మాబు సాహెబ్ వచ్చాడు. ఆయన గొంతు పెద్దది, ఆయనతో మాట్లాడటం సుఖం.

"మేస్త్రీ, ఇదివరకు టకటకమనేది. ఇప్పుడు సుత్తి పెట్టి కొడతన్నట్టుంది. ఏం చేశావయ్యా దీన్ని?"

"ఏం చేశానా? నోరు మూయించాను. స్టార్టు చెయ్యి."

చేశాడు. నేను విన్నాను. ఏమీ లేదు, అదే మెత్తదనం. ఆయనేమో బానెట్టు వైపు చూసి నా వైపు చూస్తాడు.

"వినపడతందా?" అన్నాడు.

"ఉంటే గదా వినపడటానికి. అలవాటైన చప్పుడు పోతే మనిషికి అలాగే ఉంటుంది సాయిబూ, లేనిది ఉన్నట్టు."

చాలాసేపు నా మొహం చూసి బండి తీసుకుపోయాడు. గేర్లు సరిగ్గా మార్చడం రాదు, తప్పు ఇంజను మీద పెడతాడు. ఆడలేక మద్దెల ఓడు. ఈ కాలం మనుషులకు మంచి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఈ షెడ్డు పెట్టిన కొత్తలో బస్టాండు మలుపులో బండి కనపడకముందే చెప్పేవాణ్ని, ఫలానా వాళ్ల జీపు, మూడో సిలిండరు టాపెట్ వదులు అని. దర్శి నుంచి, కనిగిరి నుంచి బండ్లు తెచ్చి 'బుల్లయ్య మేస్త్రీ చెవి కావాలి' అనేవాళ్లు. ఇప్పుడూ చెప్పగలను. ఈ మధ్య బండ్లే మెత్తబడ్డాయి.

21 ఫిబ్రవరి, శివరాత్రి

ఉపవాసం. ఉండాలని కాదు, వండుకోబుద్ధి కాలేదు.

సాయంత్రం పక్కూరివాళ్లు బొమ్మలతో కట్టిన శివుడి ప్రభ మా రోడ్డు మీదుగా పోయింది. ఎంత ఎత్తు కట్టారో, కరెంటు తీగలు కర్రలతో లేపి దాటించారు. ముందు మేళం. ఈ ఏడు మేళగాళ్లకు ఒంట్లో సత్తువ లేదు. డప్పు నా గుండెకు తగులుతోంది గానీ పైకి మోత లేదు. ఒకప్పుడు కిటికీ రెక్కలు అదిరేవి. నేను అరుగు మీద నిలబడ్డాను. అందరూ ఒకళ్ల చెవిలో ఒకళ్లు అరుచుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఎవరూ నా చెవిలో ఏమీ అనలేదు.

ఏటా ఈ అరుగు మీద నా పక్కన ఆవిడ నిలబడేది. ప్రభ మీద ఏ బొమ్మ ఎవరిదో చెబుతుంటే విసుక్కునేవాణ్ని. ఇవాళ ఆ బొమ్మలు ఎవరివో నాకు తెలియలేదు.

ఇల్లు బావురుమంటోంది. రాయకూడదు గానీ రాస్తున్నాను. భయంగా ఉంది. ఆవిడ రాకపోతే?

22 ఫిబ్రవరి

ఫోను మోగలేదు.

23 ఫిబ్రవరి

మోగలేదు. తలుపు దగ్గరగా వేస్తే మోగినా తెలియదేమోనని బార్లా తీసి ఉంచి పని చేసుకున్నాను. మోగలేదు.

24 ఫిబ్రవరి

ఆవిడకు ఆపాటి పట్టుదల ఉంటే నాకూ ఉంది.

26 ఫిబ్రవరి, సోమవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

మాబు సాహెబ్ కొండ ట్రిప్పులు ముగించుకుని వచ్చాడు. కోపంగా లేడు. అదే నాకు నచ్చలేదు. "మేస్త్రీ, ఏమనుకోకు. మళ్లీ నా రేకు మూతే పెట్టెయ్యి" అన్నాడు.

పెడతాలే, నీకు మోతే ఇష్టమైతే నాకేం అని మూత విప్పాను. తిరగేశాను.

లోపల అడ్డంగా బద్దలా ఒక పోత ఉంది. దాని మీద గాడి పడింది. చిటికెన వేలు పట్టేంత గాడి, వెండిలా మెరుస్తోంది. కింద చూస్తే వాల్వును నొక్కే చివరి రాకర్ మీది నట్టు కూడా అలాగే మెరుస్తోంది. ఆయిల్లో అల్యూమినియం పొడి. పాత మోడలు రాకర్లు కొత్తవాటికంటే కాస్త ఎత్తు. నట్టు లేచినప్పుడల్లా వెళ్లి బద్దను కొట్టింది. కొండకు పోతూ కొట్టింది, వస్తూ కొట్టింది.

పాత గాడే అయి ఉంటుందన్నాను. పైకే అన్నాను. కానీ ఆ మూతను కడిగింది నేను, గుడ్డ పెట్టి బద్దతో సహా రుద్దింది నేను. అప్పుడు గాడి లేదు.

ఇనుము అల్యూమినియాన్ని అంత లోతు తినాలంటే సుత్తిదెబ్బల మోత మోగి ఉండాలి. ఆ మోత నేను బిగించిన రోజు ఈ షెడ్డులోనే మొదలై ఉండాలి. వీధి వీధంతా విని ఉండాలి.

మూత లేకుండానే స్టార్టు చెయ్యమన్నాను. చేశాడు. ఆయిలు చింది నా చొక్కా మీద పడింది. రాకర్లు ఎనిమిదీ లేస్తున్నాయి, పడుతున్నాయి. కోడిపిల్లలు నూకలు ఏరినట్టు ఒకదాని వెంట ఒకటి టకటకా కొడుతున్నాయి. కళ్లకు కనపడుతోంది. చివరిదాని సందులో గోరు పడుతుంది, అంత వదులు. దాని చప్పుడు బస్టాండు దాకా పోవాలి.

నాకు ఏమీ వినపడలేదు.

పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. మొన ఇంజను మీద, పిడి చెవి రంధ్రానికి. ఎప్పుడూ చేసే పనే, ఈ మధ్య అవసరం లేదని మానేశాను. ఏమీ లేదు. పిడి జారి చెవి వెనక ఎముకకు తగిలింది.

టక్. టక్. టక్. టక్.

తల లోపల మోగింది. మునుపటిలాగే, అంత స్పష్టంగా. తీస్తే లేదు, ఆనిస్తే ఉంది. తీశాను, ఆనించాను. ఎన్నిసార్లు చేశానో తెలియదు. మాబు సాహెబ్ ఇంజను ఆపి నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ మెల్లగా తీసుకున్నాడు.

"నీకు ముందే తెలుసా సాయిబూ?"

"నీ చెవి మందమైందని ఊళ్లో అందరికీ తెలుసు మేస్త్రీ, ఇంతగా అని తెలియదు. నీ మొహాన చెప్పేదెవరు? చెవితో బతికే మనిషివి."

టైరు మీద కూర్చుండిపోయాను. ఆయన నా పక్కనే కూర్చున్నాడు. పెద్ద గొంతు మనిషి, నా కోసం ఇన్నాళ్లూ ఇంకా పెద్దది చేసుకుని మాట్లాడుతున్నాడని ఇవాళే తెలిసింది.

27 ఫిబ్రవరి

కుక్కరు గుర్తొచ్చింది. డప్పులు గుర్తొచ్చాయి. లైన్‌మన్ గుర్తొచ్చాడు. ఫోను గుర్తొచ్చాక ఇంట్లో ఉండలేకపోయాను. రోడ్డు దాటి జాన్ బాషా కొట్టుకు పోయాను.

"ఒరేయ్, నా చెవి దగ్గరకొచ్చి గట్టిగా చెప్పు. మా ఇంట్లో ఫోను మోగుతోందా?"

వాడు చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "రోజూ మోగుద్ది బాబాయ్. పొద్దున్నే, నువ్వు షెడ్డు తీసే ముందు. చాలాసేపు మోగుద్ది. నువ్వు అరుగు మీదే కూర్చుని టీ తాగతా ఉంటావు. పిన్ని మీద కోపంతో ఎత్తట్లేదనుకున్నాం. మొగుడూ పెళ్లాల మధ్య మాకెందుకులే అని ఊరుకున్నాం."

వెనక్కు తిరిగితే చెయ్యి పట్టుకుని ఆపి ఇంకో మాట అరిచాడు. "మూత ఇచ్చేటప్పుడు కూడా చెప్పా బాబాయ్, లోపల బద్ద అరగదీసి పెట్టుకోమని. నువ్వు ఊఁ అన్నావు."

ఊఁ అన్నాను. నిజమే. ఇంకా ఎవరెవరికి ఏమేమి మాటలకు ఊఁ అన్నానో.

28 ఫిబ్రవరి

పొద్దున్నే ఫోను ముందు పీట వేసుకుని దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. టీ తాగలేదు, చెయ్యి తీస్తే పోతుందేమోనని.

మోగింది. అరచేతి కింద గంట దడదడలాడింది. బతికున్న పిట్టను పట్టుకున్నట్టుంది. ఎత్తాను. లోపల సన్నగా ఏదో ఉంది, మాట కాదు.

అనుకున్నది అనుకున్నట్టు చెప్పాను. "వెంకటేశ్వరమ్మా, నేనే. నువ్వేమన్నా నాకు వినపడదు. కోపం కాదు. నాకు చెవులు పోయాయి. రోజూ మోగుతోందంట, నాకు తెలియదు. నేను వస్తున్నా. ఎక్కడికీ పోకు."

మళ్లీ మొదటి నుంచీ చెప్పాను, ఒకవేళ సరిగ్గా వినలేదేమోనని. తర్వాత రిసీవర్ చెవి వెనక ఎముకకు ఆనించి పెట్టుకున్నాను. ఏడుస్తున్నట్టుంది. లైను గరగర కూడా కావచ్చు.

1 మార్చి. తాడేపల్లి.

గుమ్మం తొక్కనన్న గుమ్మం తొక్కాను.

వాకిట్లోకి అడుగు పెట్టగానే ముందు కనపడింది నా తెల్ల చొక్కా. ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. పక్కన కొత్త తువ్వాలు. నా చొక్కాకు ఇక్కడేం పని? అర్థం కాక అలాగే నిలబడ్డాను.

సామ్రాజ్యం మంచం మీద ఉంది. కడుపుకు ఆపరేషనంట. అసలు ఆ సంగతే నాకు తెలియదు. వెంకటేశ్వరమ్మ వంటింట్లోంచి వచ్చి మంచినీళ్ల గ్లాసు నా చేతికిచ్చింది. చిక్కిపోయింది. నా రెండు చెవుల వైపూ చూసింది, అక్కడేదో దెబ్బ కనపడుతుందన్నట్టు. ఏదో అంది. నేను ఊఁ అనలేదు, తల అడ్డంగా ఊపాను. చెవి దగ్గరకొచ్చి గట్టిగా "తిన్నావా" అని అరిచింది. ఆపరేషను మనిషి ఉలిక్కిపడి లేవబోయింది, ఆవిణ్ని చూడటానికి వచ్చినవాళ్లందరూ మా వైపే చూశారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

వెనకే పోయి, "చొక్కా ఎందుకు తెచ్చావు" అని అడిగాను. జనం వైపు చూపించి తల అడ్డంగా ఊపింది.

సామ్రాజ్యం మొగుడు నన్ను అరుగు మీదికి తీసుకుపోయాడు. బియ్యం మిల్లులో పని చేసిన మనిషి, గొంతు ఎత్తడం చేతనవును. "మీ ఆవిడకి నీతో చెప్పాల్సింది చాలా ఉందంట. కాపురం మాటలు ఊరంతా వినేట్టు ఎట్టా అరవను బావా అని ఏడుస్తంది" అన్నాడు. "మా అమ్మాయి పెళ్లిలో నిన్ను అందరం పలకరించామయ్యా. నువ్వు మొహం పక్కకు పెట్టి ఊఁ అంటే పొగరనుకున్నాం" అన్నాడు.

పొగరు నేను వాళ్లదనుకున్నాను, వాళ్లు నాదనుకున్నారు.

3 మార్చి. గుంటూరు.

బ్రాడీపేటలో చెవి డాక్టరు. ఆవిడా వచ్చింది.

రెండు కొమ్ముల ఇనుప కవ్వంలాంటిది ఒకటి తట్టి చెవి ముందు పెట్టాడు. లేదు. దాని కాడ చెవి వెనక ఎముకకు ఆనించాడు. గుయ్యిమని మోగింది. నాకు నవ్వొచ్చింది, ఇది నా స్క్రూడ్రైవరే గదా. డాక్టరు అరిచి చెప్పాడు, చెవి లోపలి చిన్న ఎముకలు బిగుసుకుపోయాయట, చప్పుడు లోపలికి పోయే దారి పట్టేసింది గానీ వినే చోటు బాగానే ఉందట. ఆపరేషను ఉంది, కాకపోతే మిషను పెట్టుకోవచ్చు. ఏప్రిల్లో రమ్మన్నాడు.

వెంకటేశ్వరమ్మ ఆ కవ్వం వైపే చూస్తోంది. డాక్టరు మళ్లీ తట్టి ఆనిస్తే, నా మొహం చూసింది. బస్సులో దారి పొడుగునా ఏదో ఆలోచిస్తూ కూర్చుంది. కిటికీలోంచి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఎర్రగా, కనపడినంత మేరా. ఆవిడ ఒక్కసారి కూడా చూపించలేదు.

4 మార్చి, ఆదివారం. పొదిలి.

పొద్దున మాబు సాహెబ్ బండి తెచ్చి షెడ్డు ముందు పెట్టి తాళాలు నా జేబులో వేశాడు. పోత మూత జాన్ బాషాకు తిరిగి ఇచ్చేశాను. ఆయిలు మార్చాను. టాపెట్లు గేజి పెట్టి సర్దాను, స్క్రూడ్రైవర్ పిడి ఎముకకు ఆనించి విన్నాను, నాలుగో సిలిండరు మళ్లీ సర్దాను. పాత రేకు మూతే బిగించాను. మాబు సాహెబ్ విని, బొటనవేలు ఎత్తాడు. చెవి దగ్గరకొచ్చి, "వాగుతానే ఉంది. మాదే గదా, వాగనీ" అని అరిచాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంట్లోకి పోయాను. పీట వేసి ఉంది. వంకాయ కూర, పండుమిరప పచ్చడి, నెయ్యి. కూర్చుని రెండు ముద్దలు తిన్నాను. వెంకటేశ్వరమ్మ వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది. నా వెనకగా మోకాళ్ల మీద కూర్చుని, భుజాలు పట్టుకుని, నా నడినెత్తి మీద గడ్డం గట్టిగా ఆనించింది. ఏం చేస్తోందో అర్థం కాలేదు.

అప్పుడు మాట వినపడింది. నెత్తి లోంచి, దవడల్లోంచి, పళ్లలోంచి వినపడింది. అరవలేదు. రెండేళ్ల కిందట నా వెనక తిరుగుతూ మాట్లాడిన గొంతే.

"అక్కకి ఆపరేషనంట. నాకు భయంగా ఉందయ్యా, ఒక్కదాన్నే పోలేను. పాత కోపం పక్కన పెట్టి నువ్వూ రా. నీ తెల్ల చొక్కా సంచీలో పెట్టా. దారిలో తినడానికి పులిహోర కట్టా. నేను పోయి బస్టాండులో ఉంటా, నువ్వు చేతులు కడుక్కుని రా."

ఆ సోమవారం షెడ్డులో నా వెనక నిలబడి ఆవిడ చెప్పిన మాట ఇది. నేను బానెట్టు కిందనే ఉండి ఊఁ అన్నానట.

"ఊఁ అన్నావు గదా అని సంతోషంగా పోయా. ఒక బస్సు వచ్చింది, వస్తావని ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, ఎక్కలేదు. ఇంజను కాడి నుంచి నువ్వు కదల్లేదనుకున్నా. మూడోది ఎక్కేశా. నీ పులిహోర పొట్లం పక్కన కూర్చున్న ముసలామెకి ఇచ్చేశా."

ఆవిడ గడ్డం వణుకుతుంటే నా తలంతా వణికింది. గడ్డం తీసేస్తుందేమోనని కదలకుండా కూర్చున్నాను.

"వినపడిందా?" అంది.

నోట్లో ముద్ద ఉంది. ఊఁ అనబోయి ఆగాను. ముద్ద మింగి, "వినపడింది" అన్నాను.